పడుకోనన్న బొంత

ఇంకా పడుకోలేదూ? కాళ్ళు దుప్పట్లోంచి ఇవతలికి, చేతులు అవతలికి. ఇటు నొక్కితే అటు లేస్తావు. అచ్చం పైడమ్మ బొంతలాగే ఉన్నావే బుజ్జీ! ఏ పైడమ్మా? చెబుతాను, ముందు ఆ తల దిండు మీద పెట్టు. మధ్య మధ్యలో ఊఁ కొడుతూ ఉండాలి మరి.

అనగనగా ఒక ఊళ్ళో, నాలుగు వీధులు కలిసే చోట, ఒక ఇస్త్రీ బండి ఉండేది. బండి మీద ఇత్తడి ఇస్త్రీ పెట్టె, పెట్టెలో కణకణలాడే నిప్పులు. బండి వెనకాల పైడమ్మ. పైడమ్మ పక్కన ఆవిడ మొగుడు అప్పన్న.

పైడమ్మ చెయ్యి ఎంత చురుకంటే, అప్పన్న ఒక చొక్కా దులిపి బల్ల మీద పరిచేలోపు ఆవిడ ఇంకో చొక్కా ఇస్త్రీ చేసి మడత పెట్టేసేది. సర్రున ఇటు, సర్రున అటు, అంతే. నడకా అంతే, మాటా అంతే, అన్నం తినడమూ అంతే. ఆ ఊరి పెళ్ళికొడుకులందరూ ఆవిడ చేతి మడత చొక్కాలు తొడుక్కునే పీటలెక్కేవారు.

"నాకంటే బాగా ఇస్త్రీ ఎవరికొచ్చు?" అనేది పైడమ్మ. నిజమే, ఎవరికీ రాదు. కాని చొక్కా వేరు, బొంత వేరు. ఆ సంగతి పైడమ్మకి తెలియదు.

ఏటికి అవతలి ఒడ్డున ఇంకో పల్లె. అది పైడమ్మ పుట్టినిల్లు. అక్కడ వాళ్ళన్నయ్య ఎర్రన్న, వదిన సీతాలు ఉండేవారు. వాళ్ళమ్మ వరహాలమ్మ ఆ ముందటి వానాకాలంలో పోయింది. మంచి మనిషి. వీధిలో ఎవరు కేకేసినా "ఆఁ, ఇక్కడే ఉన్నాను" అని పలికేది. ఆవిడ పోయాక ఆ పేరు పిలిచేవాళ్ళూ లేరు, పలికేవాళ్ళూ లేరు. పైడమ్మకి అదే దిగులు. ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఉండగా అమ్మ గుర్తొచ్చి, కళ్ళ నీళ్ళు చొక్కాల మీద పడేవి. "నీళ్ళు చిలకరించే పని తప్పిందిలే" అని నవ్వేసేది మళ్ళీ తనే.

అలా ఉండగా సీతాలు నీళ్ళోసుకుంది. నీళ్ళోసుకోవడం అంటేనా? కడుపులో పాపాయి ఉందన్నమాట.

అప్పుడు పైడమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే వాళ్ళ పల్లెలో ఒక ఆనవాయితీ ఉండేది. పుట్టిన పాపకి మేనత్త తన చేత్తో బొంత కుట్టాలి. మేనత్త అంటే నాన్న తోబుట్టువు. కొత్త గుడ్డ కూడదు, ఇంట్లో పెద్దవాళ్ళు కట్టి విడిచిన మెత్తటి చీరలతోనే కుట్టాలి. బారసాల నాడు ఆ బొంత ఉయ్యాల్లో పరిచి పాపని పడుకోబెట్టాలి. జోకొట్టకూడదు, ఉయ్యాల ఊపకూడదు. పాప నిద్రపోయిందా, మేనత్త చెప్పిన పేరే పేరు. ఏడ్చిందా, పేరు పెట్టే మాట పాప అమ్మమ్మకి పోతుంది.

"ఆడపిల్ల పుడితే మా అమ్మ పేరు పెట్టుకుంటాను. ఆ ఇంట్లో మళ్ళీ ఒకళ్ళు 'ఆఁ' అని పలుకుతారు" అంది పైడమ్మ.

కాని సీతాలు తల్లి దాలమ్మ అప్పటికే ఒక పేరు ఎంచి పెట్టుకుంది. ఏం పేరనుకున్నావు? విద్యుల్లత! ఏదో పెళ్ళిలో విన్నదట, చెవికి ఇంపుగా ఉందట. ఆ పేరు మొత్తం పిలిచేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోవూ?

అప్పుడు పైడమ్మ ట్రంకు పెట్టె తీసింది. అందులో అమ్మవి మూడు నేత చీరలున్నాయి. నేరేడుపండు రంగుది ఒకటి, గంధం రంగుది ఒకటి, చిలకపచ్చది ఒకటి. చిరుగులు పోను మంచి గుడ్డ కొంతే మిగిలింది. ఆ గుడ్డ పాడైతే మళ్ళీ ఎక్కడా దొరకదు. బజారులో చీరలు దొరుకుతాయి గాని అమ్మ కట్టిన చీరలు దొరుకుతాయా?

అయినా పైడమ్మ ఆశ చూడు. "గుంట పెళ్ళయ్యేదాకా కప్పుకోవాలి" అని, పుట్టబోయే పిల్లని తలుచుకుని, మంచమంత బొంతకి లెక్క వేసింది. వెంటనే కత్తెర తీసింది. చీరలు మడతల్లో ఏళ్ళ తరబడి ఉండి ఉండి ముడతలు పడిపోయాయి. ఆ ముడతల మీదే అట్టముక్క పెట్టి, చకచకా చదరాలు కత్తిరించేసింది. కుట్టేసింది. ఆ తర్వాత ఇస్త్రీ పెట్టె పెట్టింది. అప్పుడు ముడతలు విప్పుకున్నాయి. ముడత విప్పుకుంటే ముక్క పెరగదూ? ఒక ముక్క పెద్దదయింది, ఒకటి చిన్నదయింది, ఒకటి వంకర పోయింది.

అప్పన్న వచ్చి చూశాడు. "ఏటే ఇది, బొంతా? గట్టు తగాదా ఉన్న పొలంలాగుంది" అన్నాడు.

"నీకేటి తెలుసు, పో" అంది పైడమ్మ. కాని ఆవిడకీ కళ్ళున్నాయి కదా. కుట్లన్నీ విప్పేసింది. అంచులు కోసి సరిచేసేసరికి మంచమంత బొంత కాస్తా చాపంత అయింది.

సరే, పాప పెళ్ళిదాకా కాకపోతే బడికెళ్ళే దాకా అనుకుంది. ఇంతలో సీతాలు నీళ్ళాడింది. ఆడపిల్ల! పండులాంటి పిల్ల. పైడమ్మకి కాళ్ళు నేల మీద ఆగలేదు.

ఈసారి బుద్ధిగా ముందే నీళ్ళు చిలకరించి, ముక్కల్ని చదును చేసింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ముచ్చటపడి చదరాల్ని ఐమూలగా కత్తిరించి, మూడు మూలల ముక్కలు చేసింది. నేరేడు పక్కన గంధం, గంధం పక్కన చిలకపచ్చ. కుట్టి, ఇస్త్రీ పెట్టె తీసుకుంది. చెయ్యి ఊరుకుంటుందా? చొక్కాకి అలవాటైన చెయ్యి. సర్రున ఇటు, సర్రున అటు!

ఐమూలగా కోసిన గుడ్డ ఎలాంటిదో తెలుసా? నీలాంటిది, గారాబం ఎక్కువ. ఎటు లాగితే అటు సాగుతుంది. పెట్టె ఇటు లాగితే ఇటు సాగింది, అటు లాగితే అటు సాగింది. చివరికి బొంత నేల మీద పరిస్తే, వేడి నూనెలో వేసిన అప్పడంలా లేచింది.

ఈ మూల నొక్కింది, ఆ మూల లేచింది. ఆ మూల మీద రుబ్బురోలు పొత్రం పెట్టింది, నడుమ బుడిపె లేచింది. నడుమ తనే కూర్చుంది. నాలుగు మూలలూ లేచి ఆవిడ వంక చూశాయి.

"పడుకోవే!" అని గదమాయించింది పైడమ్మ. పడుకోనంది బొంత.

వీధిలో పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. "పైడమ్మా, బొంతకి తేలు కుట్టిందా?" అని అడిగారు. ఆవిడకి పౌరుషం వచ్చింది. మళ్ళీ కుట్లు విప్పింది. సాగిన అంచులు కోసేసింది. చాపంత బొంత కాస్తా తువ్వాలంత అయింది. సరే, బడి దాకా కాకపోతే బోర్లా పడే దాకా అనుకుంది.

మూడోసారి ఏమనుకుందో విను. "ఈ ఇస్త్రీయే నా కొంప ముంచింది. అసలు పెట్టెనే తాకను. మొత్తం కుట్టేసి, ఆఖర్న పైనించి ఒక్కసారి లాగించేస్తాను" అనుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. చిన్న చిన్న చదరాలు ముక్కకి ముక్క, వరసకి వరస, కూర్చున్న చోటు కదలకుండా కుట్టేసింది. ఆ తర్వాత పైనించి పెట్టె లాగింది.

పైకి బాగానే ఉంది. కాని లోపల కుట్లు, అంటే కుట్టు వెనక మిగిలిన గుడ్డ అంచులు, ఎటు దొరికితే అటు తిరిగి పడుకున్నాయి. ఒకటి ఇటు, ఒకటి అటు, ఒకటి సగం ఇటు సగం అటు. నాలుగు ముక్కలు కలిసే చోటల్లా చింతగింజంత గడ్డ. పైగా గంధం రంగు గుడ్డ కిందినించి నేరేడు రంగు అంచు మరకలా కనపడుతోంది. పైడమ్మ ఆ బొంత మీద తన చెంప ఆనించి చూసింది. చింతగింజ గుచ్చుకుంది.

తన మొరటు చెంపకే గుచ్చుకుంటే పాప బుగ్గకి గుచ్చుకోదూ? అప్పుడు పైడమ్మ ఏడ్చింది. నవ్వలేదు ఈసారి. బారసాల ఎల్లుండి. మూడుసార్లు కుట్టింది, మూడుసార్లూ చెడింది. అమ్మ చీరలు కోసి కోసి, అమ్మ పేరు కూడా తన చేత్తోనే పోగొట్టుకుంటున్నట్టు అనిపించింది ఆవిడకి.

పొద్దున్నే కుట్లు విప్పిన ముక్కలు కొంగున మూటకట్టుకుని ఏరు దాటింది. "దాలమ్మ చెప్పిన పేరే పెట్టుకోండి" అని చెప్పేద్దామనుకుంది.

వెళ్ళేసరికి అన్నయ్య ఇంట్లో పాప ఏడుపు. కుయ్యో మొర్రో, ఇల్లెగిరిపోతోంది. సీతాలు వరహాలమ్మ నాటి పాత బొంత ఒకటి భుజాల చుట్టూ కప్పుకుని, పాపని ఎత్తుకుని తిరుగుతోంది.

"ఓలమ్మా, వచ్చావా పైడమ్మా! కాసేపు దీన్ని పట్టుకో" అని, పాపని పైడమ్మ ఒళ్ళో పెట్టి, బొంత తీసి పక్కన పడేసి, పాలు కాచడానికి వెళ్ళింది.

పైడమ్మ పాప వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎలాంటిదో తెలుసు కదా? సర్రున పైకి, సర్రున కిందికి, రుద్దడం మొదలుపెట్టింది. పాప ఇంకా ఏడ్చింది. ఇంకా గబగబా రుద్దింది. పాప నీలంగా కమిలిపోయేలా ఏడ్చింది.

వంటింట్లోంచి సీతాలు కేకేసింది. "అలా రుద్దకమ్మా, అదేమన్నా చొక్కానా? జోకొట్టు! చెయ్యి వెయ్యి, తియ్యి. వెయ్యి, తియ్యి."

పైడమ్మ చెయ్యి ఆగింది. ఆ తర్వాత నెమ్మదిగా వేసింది, తీసింది. వేసింది, తీసింది. పాప ఏడుపు తగ్గింది. వెక్కిళ్ళు వచ్చాయి. అవీ తగ్గాయి. పాప తల ఆవిడ మోచేతి మీదికి వాలిపోయింది.

అప్పుడు పైడమ్మకి ఒక సంగతి గుర్తొచ్చింది. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఇస్త్రీ పెట్టె లేదు. వాళ్ళమ్మ ఇత్తడి చెంబులో పొయ్యి నిప్పులు పోసుకుని, చెంబు మెడకి తడిగుడ్డ చుట్టి పట్టుకుని, బొంత ముక్కల మీద పెట్టేది. లాగేది కాదు. పెట్టేది, ఎత్తేది. పెట్టేది, ఎత్తేది. పెడుతూ పాడుకునేది.

"వాలమ్మ వాలు, ఓ పక్కకి వాలు, పెట్టి ఎత్తితే చాలు."

పైడమ్మ ఆ పాట తన కోసం పాడే జోలపాట అనుకునేది. కాదు. అమ్మ కుట్లకి జోకొట్టేది!

పాపని పడుకోబెట్టి, పక్కనున్న పాత బొంత ఒళ్ళోకి తీసుకుంది. ఒక మూల చిరిగి ఉంది. ఆ చిరుగులోకి వేలు పెట్టి లోపలంతా తడిమింది. అమ్మ కుట్లు! ప్రతి కుట్టూ ముదురు రంగు గుడ్డ వైపే వాలి ఉంది. ముదురు ముక్క వెనకాల దాక్కుంటే పైకి కనపడదు మరి. ఒక వరసలో కుట్లన్నీ కుడికి, దాని కింది వరసలో అన్నీ ఎడమకి. రెండు వరసలూ కలిసే చోట ఒకటి ఇటు ఒరిగి, ఒకటి అటు ఒరిగి, సందులో సర్దుకుని కూర్చున్నాయి. గడ్డ లేదు, గుచ్చుకోవడం లేదు. అమ్మ చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. పైడమ్మ ఆ చిరుగులోంచి వేలు తియ్యకుండా చాలాసేపు కూర్చుంది.

"వదినా, మీ ఇంట్లో ఇత్తడి చెంబుందా?" అని అడిగింది.

"ఇస్త్రీ పెట్టె ఉన్నదానివి నీకు చెంబెందుకే?" అంది సీతాలు.

"పెట్టె పట్టుకుంటే నా చెయ్యి మాట వినదు" అంది పైడమ్మ.

ఇక అక్కడే అరుగు మీద కూర్చుంది. ముక్కలన్నీ మళ్ళీ చదును చేసి, అంచులు సరిచేసి, చిన్న చదరాలు కత్తిరించింది. రెండు ముక్కలు కుట్టింది, ఆగింది. ముందు కుట్టు మీద చెంబు పెట్టి ఎత్తింది. ఆ తర్వాత ముక్క విప్పి, కుట్టుని నేరేడు రంగు వైపుకి వేలితో వాల్చి, మళ్ళీ పెట్టి ఎత్తింది. వేడి చల్లారేదాకా కదపలేదు. పాప కన్ను మూసిందో లేదో గబుక్కున ఎత్తేస్తామా? ఇదీ అంతే. ఆ కుట్టు పడుకున్నాకే ఇంకో ముక్క.

ఏరు దాటి అప్పన్న వెతుక్కుంటూ వచ్చాడు. పెళ్ళాం నిదానంగా కూర్చుని ఉండడం చూసి ఒంట్లో బాగాలేదేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "బాగానే ఉన్నాన్లే, బండి దగ్గరికి పో" అంది పైడమ్మ. ఆ రోజు చొక్కాలన్నీ అప్పన్నే చేశాడు. కాలర్లు ఎలా వచ్చాయని అడక్కు.

తువ్వాలంత బొంత చివరికి ఉయ్యాలంత అయింది. పెళ్ళి దాకా కాదు, బడి దాకా కాదు, బోర్లా పడే దాకా కూడా కాదు. అయితేనేం? నేల మీద పరిస్తే, పడుకుంది. నాలుగు మూలలూ పడుకున్నాయి. మధ్యలో బుడిపె లేదు.

బారసాల నాడు ఇల్లంతా జనం. దాలమ్మ పట్టుచీర కట్టుకుని, విద్యుల్లత అన్న పేరు నోట్లో పెట్టుకుని కూర్చుంది. బొంత చూసి "ఇంతేనా? చేతి రుమాలు కుట్టేవేటి?" అంది. అందరూ నవ్వారు.

అప్పుడు దాలమ్మ అరచెయ్యి తిరగేసి, చేతి వెనక వైపుతో బొంతంతా నిమిరింది. అక్కడ చర్మం పలుచన కదా, ఇసుక రేణువున్నా పట్టేస్తుంది. ఒకసారి నిమిరింది. రెండోసారి నిమిరింది. మూడోసారి నిమిరి, ఏమీ తగలక చెయ్యి తీసేసుకుంది.

ఉయ్యాల్లో బొంత పరిచారు. పైడమ్మ పాపని పడుకోబెట్టి వెనక్కి జరిగింది. ఎవరూ ఊపలేదు, ఎవరూ జోకొట్టలేదు. పాప ముక్కు ముడిచింది. పెదవి విరిచింది. ఏడుపు గొంతుదాకా వచ్చింది. పరిగెత్తుకెళ్ళి చెయ్యి వేద్దామని పైడమ్మకి చేతులు లాగుతున్నాయి. రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది.

పాప బుగ్గ అటు తిప్పింది. నేరేడు ముక్క మీద ఆనింది. అక్కడేమీ గుచ్చుకోలేదు. పాప ఇంతలావు ఆవులింత ఒకటి తీసింది. తీసి, నిద్రపోయింది.

"గుంట పడుకుందమ్మా" అంది దాలమ్మ. పంతం ఉన్న మనిషే గాని, అబద్ధమాడే మనిషి కాదు. "పేరు చెప్పు."

ఎప్పుడూ గలగలా మాట్లాడే పైడమ్మ ఆ పూట తొందరపడలేదు. అందరూ ఆగారు. ఆవిడ వంగి, పాప చెవిలో నెమ్మదిగా చెప్పింది. "వరహాలమ్మా."

పాప నిద్రలోనే "ఆఁ" అంది. నిజంగా అందో, ఊపిరి వదిలిందో. కాని పైడమ్మ మటుకు అన్నదనే చెప్పేది, బతికున్నన్నాళ్ళూ.

దాలమ్మ ఊరుకుందా? "ఇంట్లో వరహాలు అనుకోండి. బడిలో మాత్రం విద్యుల్లతే!" అంది. సరే, పాపం, ఆవిడ ముచ్చటా తీరాలి కదా. అలాగే రాయించారు.

ఏమిటే, అంతలా లేచి కూర్చున్నావు? పడుకో! పోస్టుమాన్ నన్ను విద్యుల్లతగారూ అని పిలిస్తే నీకెందుకే? ఆఁ, నా పేరే. రెండూ నా పేర్లే. పైడమ్మ నా మేనత్త. మరి ఆ బొంత ఏమైందంటావా? నీ చెంప కింద, దిండు మీద పరిచి ఉన్నదేమిటనుకున్నావు? వేలితో తడుము. అదిగో నేరేడు ముక్క. ఎక్కడైనా గుచ్చుకుందా? గుచ్చుకోదు. మా అత్త జోకొట్టి పడుకోబెట్టిన కుట్లవి, ఇప్పటికీ లేవలేదు.

ఏయ్, ఇదేమిటి, నాకు జోకొడతావేం? నేను నిన్ను పడుకోబెట్టాలా, నువ్వు నన్నా? బాగుంది వరస. ఏమన్నావు? వరహాలూ అని పిలిచావా?

ఆఁ. ఇక్కడే ఉన్నాను తల్లీ. మా అత్త నాకు పాడినట్టే పాడతాను, విను.

వాలమ్మ వాలు,
ఓ పక్కకి వాలు,
పెట్టి ఎత్తితే చాలు,
నిద్దరోవే వరహాలు.
కుట్టేమో పక్కకి, బొంతేమో బుగ్గకి,
కథేమో కంచికి, మనమేమో మంచానికి!